విరిగిన రేవు దగ్గర లేవనివాడు

విరిగిన రేవుకి బోలెడంత చెడ్డపేరుంది. నీళ్లే లేవు.

అంటే బొత్తిగా లేవని కాదు. మా చెరువు చాలా పెద్దది, ఈ గట్టున నిలబడితే ఆ గట్టున మనిషి చీమంత కూడా కనపడడు. కానీ లోతు లేదు. ఎక్కడ దిగినా నడుము దాకా, మహా అయితే ఛాతీ దాకా. అలాంటి చెరువులో, పాతకాలపు చెక్క రేవు కూలిపోయి నాలుగు గుంజలు మాత్రం మిగిలిన చోట, ముప్ఫై ఏళ్లలో ముగ్గురు పోయారు.

ఛాతీలోతు నీళ్లలో ఎదిగిన మగవాళ్లు పోయారంటే జనం ఏమనుకోవాలి? బురద అనుకోవచ్చు. గాలి అనుకోవచ్చు. కడుపులో పడ్డ మందు అనుకోవచ్చు. అబ్బే, అవేం బాగుంటాయి చెప్పుకోవడానికి! దెయ్యం అన్నారు.

కింద ఎవరో ఉన్నారట... పైనుంచి వెళ్లేవాళ్ల కాళ్లు పట్టుకుంటారట.

సరే, దెయ్యమంటూ ఉన్నాక దానికి మర్యాదలుండాలి కదా. అవీ ఏర్పాటు చేశారు మావాళ్లు. ఆ నాలుగు గుంజల పక్కనుంచి వెళ్లేటప్పుడు పడవలో ఉన్న ప్రతివాడూ లేచి నిలబడాలి. నెత్తిన టోపీ ఉంటే తియ్యాలి. గొంతు తగ్గించి, "వెళ్లొస్తాం" అని ఒక మాట అనాలి. కూర్చునే దాటితే దానికి కోపమొస్తుంది.

ఈ రూలు పెట్టిన మహానుభావుడెవరో గానీ, జన్మలో పడవెక్కి ఉండడు. మా చెరువులో తిరిగేవి ఇద్దరు పట్టే పడవలు. ఓ పక్కకి గట్టిగా తుమ్మితే నీళ్లు తాగుతాయి. అందులో లేచి నిలబడి, రెండు చేతులూ వదిలేసి, టోపీ తీసి, కనపడనివాడికి దణ్ణం పెట్టాలి. అది కూడా చీకట్లో.

పోయిన ముగ్గురూ మర్యాదస్తులే. ఆ సంగతి ఎవరూ గుర్తు చేసుకోరు.

నాలుగోవాడు మా బాబాయి. ఆయన మాత్రం ఎప్పుడూ కూర్చునే దాటేవాడు.

బాబాయి తాళాలు బాగుచేసేవాడు. బజారులో, ఓ మేడ మెట్ల కింద, మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత షాపు. గోడ నిండా తాళంచెవులు. పనిని బట్టే మనిషి — ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి, సందు చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగేవాడు. పిన్నికి ఒళ్లు మండేది.

సెలవురోజుల్లో చేపలకి వెళ్లేవాడు. వెళ్లేముందు ఆయన హడావిడి చూస్తే సప్తసముద్రాలూ దాటబోతున్నాడనుకోవాలి. లైఫ్ జాకెట్ బిగించుకునేవాడు. మోకాళ్లదాకా వచ్చే బూట్లు వద్దని, ఇట్టే ఊడిపోయే బూట్లు వేసుకునేవాడు. నీళ్లు తోడడానికి డబ్బా, ఆ డబ్బా జారిపోకుండా దానికో తాడు.

"లంగరు రాయి పడవ ముక్కు దగ్గరనుంచే దించాలిరా," అనేవాడు నాతో. "పక్కనుంచి దించావో, కెరటం కొట్టగానే పడవ ఆ పక్కకే తిరగబడుతుంది. లోతులేని నీళ్లని నమ్మకూడదు. కాస్త గాలొస్తే చాలు, పెద్ద నీళ్లకంటే గబగబా లేస్తాయి."

గుమ్మం దిగేటప్పుడు పిన్నికి టైము చెప్పేవాడు. "ఏడింటికల్లా వస్తా. ఏడున్నరకి కూడా రాకపోతే పడవలవాళ్లని లేపు."

ఛాతీలోతు నీళ్లకి ఇంత తతంగమా అని బజారంతా నవ్వేది. ఆ నవ్వేవాళ్లలో మొదటివాడు సర్వజ్ఞుడు.

సర్వజ్ఞుడంటే మా షాపు పక్కన ఫొటో స్టూడియో ఆయన. కన్నవాళ్లు వేరే ఏదో పేరు పెట్టే ఉంటారు, అది ఎవరికీ గుర్తులేదు. ప్రపంచంలో ఆయనకి తెలియనిది లేదు, ఒప్పుకున్న తప్పూ లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఫొటో తీయించుకోవడానికి వచ్చినవాడికి ముందు ఓ గంట ఉపన్యాసం, తర్వాత ఒక ఫొటో, అందులో కళ్లు మూసుకుని.

బాబాయి పోయిన రాత్రి ఏం జరిగిందో ఆయన నోటనే వినాలి, ఎందుకంటే రెండో నోరు మిగల్లేదు. టీ బడ్డీ దగ్గర ఓ నలభైసార్లు విన్నాను. ప్రతిసారీ టీ ఎవరో ఒకరు ఇప్పించేవారు.

"సాయంత్రం సరదాగా వెళ్దామని నేనే పడవెక్కా," అని మొదలుపెడతాడు. "చేపలు బాగా పడుతున్నాయి. మీ బాబాయేమో చీకటి పడకుండా పోదాం పోదాం అని ఒకటే గోల. చీకటి పడ్డాకే కదయ్యా పెద్ద చేపలొచ్చేది అన్నా. ఆపా."

ఇక్కడ ఆయన చెప్పని ముక్క ఒకటుంది. ఆయన ఒట్టి చేతులతో వచ్చాడు. ఈత రాదు. జాకెట్ లేదు. ఉన్న ఒక్క జాకెట్ బాబాయి విప్పి ఆయనకి తొడిగాడు. ఇది మాకెలా తెలుసంటే, పడవలవాళ్లు సర్వజ్ఞుణ్ణి గట్టుకి చేర్చినప్పుడు ఆయన ఒంటిమీదున్న జాకెట్ పట్టీకి పిన్ని వేసిన కుట్లున్నాయి.

"తిరిగొస్తున్నాం... గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. కప్ప కూడా అరవలేదు," అంటాడు, గొంతు బాగా తగ్గించి.

గాలి ఆగలేదు. ఆ రాత్రి మా వీధిలో రెండు ఇళ్ల రేకులు లేచిపోయాయి.

"చీకట్లో... నాలుగు గుంజలు. నల్లగా. మనకోసమే నిలబడ్డట్టు. నేను మెల్లగా చెప్పా — లేవయ్యా, దానికి కోపమొస్తుంది అని. ఆయన లేవలేదు. 'కూర్చో' అన్నాడు. 'కదలకు' అన్నాడు. దాని గుమ్మంలో ఆ మాట అనొచ్చా? నేను మటుకు లేచా. టోపీ తీశా. 'వెళ్లొస్తాం' అన్నానో లేదో —"

ఇక్కడ ఆగుతాడు. టీ ఓ గుక్క తాగుతాడు.

"— పడవ బోర్లా పడింది."

వినేవాళ్లు ఊపిరి బిగబడతారు. లేచి నిలబడ్డది ఎవరయ్యా, బోర్లా పడ్డది ఎందుకయ్యా అని ఒక్కడూ అడగడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఏడున్నరకి పిన్ని పడవలవాళ్లని లేపింది. ఏడూ ముప్ఫై ఒకటి కాకుండా లేపింది. వాళ్లు లైట్లు వేసుకుని వెళ్లేసరికి సర్వజ్ఞుడు ఒక గుంజని కౌగిలించుకుని జాకెట్ పుణ్యాన తేలుతున్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, మాట లేదు. ఆయన జీవితంలో మాట లేనిది ఆ ఒక్క గంటే.

బాబాయి ఆ గుంజకి రెండు బారల దూరంలో దొరికాడు. నీళ్లలో... నిలబడే ఉన్నాడు. మోకాళ్ల పైదాకా బురదలో దిగిపోయి, తలమీద జానెడు నీళ్లతో.

మర్నాడు బజారులో ఒకటే మాట. "చూశారా? బతికుండగా లేవనివాణ్ణి చివరికి అది నిలబెట్టింది."

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మా బాబాయి విషయంలో ఆపాటి మర్యాద కూడా జరగలేదు. తప్పంతా ఆయనదే అయింది. కూర్చున్నాడు, కాబట్టి పోయాడు. లేచినవాడు బతికాడు, సాక్షాత్తూ కళ్ల ముందు టీ తాగుతున్నాడు, ఇంకేం రుజువు కావాలి?

పిన్ని పదిహేనో రోజున షాపు తీసింది. బాబాయి పక్కన కూర్చుని చూసి చూసి పని ఆమెకీ వచ్చు. వచ్చినవాళ్లు తాళంచెవి చేతికిస్తూ ఓదార్చేవాళ్లు. "పాపం, మంచాయనే గానీ కాస్త మొండి మనిషి కదమ్మా. ఆ ఒక్క క్షణం లేచుంటే సరిపోయేది."

ఆమె తల ఊపేది. దెయ్యాన్ని ఆమె నమ్మలేదు. కానీ ఇంకోటి ఆమెని లోపల్లోపల తినేసేది. ఆఫీసునుంచి వస్తూ నేను షాపులో బాబాయి స్టూలు మీద కాసేపు కూర్చునేవాణ్ణి. రోజూ అదే ప్రశ్న.

"అన్నీ రెండుసార్లు చూసుకునే మనిషిరా. బురదలో దిగబడితే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. గింజుకోకూడదు, ఆధారం దొరికితే పట్టుకోవాలి, బూట్లు వదిలేసి కాళ్లు మెల్లగా లాక్కోవాలి. నాకే వందసార్లు చెప్పాడు. మరి ఎక్కడ తప్పాడురా?"

నాకేం తెలుసు? తలవంచుకుని వచ్చేసేవాణ్ణి.

సర్వజ్ఞుణ్ణి అడగొచ్చు కదా అంటారేమో. ఆయన గొంతు వింటేనే పిన్నికి కంపరం. మొదటిరోజు "అది లాక్కుపోయింది చెల్లెమ్మా" అన్న ఒక్క ముక్క విని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన మా గుమ్మంలో నిలబడి ఎవరికైనా కథ మొదలుపెట్టగానే తాళంచెవులు కోసే మిషను ఆన్ చేసేది. ఆ రొదలో పిడుగు పడ్డా వినపడదు. అలా ఏడాది గడిచింది. కథ చివరిదాకా బజారంతా విన్నది, ఆమె తప్ప.

ఓ సాయంత్రం నేను ఆ స్టూలు మీద ఉండగా ప్లంబర్ ఒకాయన డూప్లికేట్ తాళంచెవి కోసం వచ్చాడు. ఊరికి కొత్త. సర్వజ్ఞుడికి కొత్త చెవులు దొరికితే పండగే. గుమ్మానికి చేరగిలబడి మొదలుపెట్టాడు. పిన్ని మిషను ఆన్ చేసింది.

కథ సరిగ్గా పడవ బోర్లా పడే చోటికి వచ్చేసరికి... కరెంటు పోయింది.

మిషను మూలిగి ఆగింది. షాపంతా చీకటి. పిన్ని చేతిలో సగం కోసిన తాళంచెవి. సర్వజ్ఞుడికి ఇంకా మంచి ఊపు వచ్చింది. ఇలాంటి కథకి చీకటే కదా కావాల్సింది.

"నీళ్లలో పడ్డా," అన్నాడు గుసగుసగా. "కాసేపు ఏమీ లేదు. తేలుతున్నా. అప్పుడు... కిందనుంచి... ఒక చెయ్యి."

ప్లంబర్ ఓ అడుగు దగ్గరికి జరిగాడు.

"మంచుముక్కలా చల్లగా. నా చీలమండ పట్టుకుంది. అయిదు వేళ్లూ తెలుస్తున్నాయి బాబూ. నేనేమైనా ఊరుకున్నానా? తన్నా. వదల్లేదు. రెండో కాలితో మళ్లీ తన్నా, ఉన్న బలమంతా పెట్టి. అప్పుడు... వేళ్లు ఒక్కొక్కటే వదిలేశాయి." ఊపిరి పీల్చుకున్నాడు. "నేను గాబట్టి తప్పించుకున్నా. ఇంకొకడైతే —"

"అన్నయ్యా," అంది పిన్ని.

ఏడాదిలో ఆమె ఆయన్ని పలకరించడం అదే మొదలు.

"ఏంటి చెల్లెమ్మా?"

"చెయ్యి పట్టుకున్నప్పుడు ఆయన ఎక్కడున్నాడు?"

"ఎవరు?"

"పడవలో మీతో ఇంకొకాయన ఉన్నాడు."

సర్వజ్ఞుడు నవ్వబోయాడు. "చీకటి కదమ్మా. కనపళ్లేదు. పిలిచా కూడా... పలకలేదు."

"పలకడానికి నోరు నీళ్లపైన లేదు కదా."

బయట ఎవరో సైకిలు నడిపించుకుంటూ వెళ్లారు. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉంది.

"ఇంకొక్కటే అడుగుతా," అంది పిన్ని, చాలా మెల్లగా. "ఆ చెయ్యి మిమ్మల్ని కిందికి లాగిందా... ఊరికే పట్టుకుందా?"

చీకట్లో సర్వజ్ఞుడి మొహం నాకు కనపడలేదు. కానీ గుమ్మంలో పడే కాస్త వెలుగులో ఆయన ఒక కాలు ఎత్తి, రెండో కాలి వెనక దాచుకోవడం మాత్రం కనపడింది.

"పట్టుకుంది," అన్నాడు.

ప్లంబర్‌కి ఏమీ అర్థం కాలేదు. "ఆ తర్వాత ఏమైందండీ?" అన్నాడు. సర్వజ్ఞుడు పక్క షాపులోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

పిన్ని ఏడుస్తుందేమో అనుకున్నాను. కరెంటు వచ్చాక సగం కోసిన తాళంచెవి పూర్తిచేసి, ఆకురాయితో అంచులు నునుపు చేసి, రెండుసార్లు సరిచూసి ప్లంబర్‌కి ఇచ్చింది. ఆయన వెళ్లాక నావైపు తిరిగింది.

"ఆయన ఎక్కడా తప్పలేదురా," అంది. అప్పుడు ఏడ్చింది.

ఊరేమైనా మారిందా అంటే, ఏం మారుతుంది! ఇప్పటికీ ఆ గుంజల దగ్గర బుద్ధిమంతులందరూ ఇద్దరు పట్టే పడవల్లో లేచి నిలబడి టోపీలు తీస్తూనే ఉన్నారు. సర్వజ్ఞుడు కొన్నాళ్లు టీ బడ్డీవైపే రాలేదు. తర్వాత వచ్చాడు. మళ్లీ మొదలుపెట్టాడు. గాలి ఆగిపోతుంది, కప్పలు అరవవు, పడవ బోర్లా పడుతుంది, పడవలవాళ్లు లైట్లు వేసుకుని వచ్చేస్తారు.

మొన్న టీ బడ్డీవాడు గ్లాసు అందిస్తూ అడిగాడు. "అదేంటి సార్, అసలైంది వదిలేశారే? ఆ చెయ్యి సంగతి చెప్పరేం?"

"ఏ చెయ్యి?" అన్నాడు సర్వజ్ఞుడు.