రెండో పిడికెడు

శనివారం పొద్దున. ఐజాల్ కొండ మీద మంచు ఇంకా విడలేదు. కంటి ఆపరేషన్ అయిన ఆరు వారాలకు దార్‌ఖుమీ తనంతట తానుగా వంటింట్లోకి వచ్చింది. కోడలు జిర్లియానీ గోతంలోంచి మగ్గుతో బియ్యం ముంచి చర్చి డబ్బాలో గబగబా పోస్తోంది.

"ఏంటమ్మాయ్ అది?"

జిర్లియానీ చెయ్యి ఆగింది. "వాన్‌జోవి పిన్ని వస్తుంది కదమ్మా, బియ్యానికి. నింపుతున్నా."

"వండేటప్పుడల్లా పిడికెడు తీసి వెయ్యాలి గానీ, వారానికోసారి మగ్గుతో పోస్తారా ఎక్కడైనా?"

"స్కూలుకి పరిగెత్తే హడావుడిలో మర్చిపోతున్నా. అందుకే అంతా ఒకేసారి. పిడికిళ్ల కన్నా ఎక్కువే పోస్తున్నాలెండి. దేవుడికేం తక్కువ చెయ్యలేదు."

ఆ వీధిలో ఏ ఇంట్లోనైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుడి పేర పక్కన పెడతారు. వారం వారం చర్చి ఆడవాళ్లు వచ్చి పట్టుకెళతారు. దార్‌ఖుమీ పీట మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

"అయితే ఆరు వారాలుగా వాడి పిడికెడు పడలేదన్నమాట."

"ఎవరిది?"

"డెంగ్‌ఖుమాది. నేను పూటకి రెండు వేసేదాన్ని. ఒకటి ఇంటిది, ఒకటి వాడి ఆత్మని దేవుడు చేర్చుకోవాలని."

డెంగ్‌ఖుమా ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, జిర్లియానీ భర్త. తాగుతున్నాడని చర్చివాళ్లు సభ్యుల్లోంచి అతని పేరు తీసేశారు. మళ్లీ చేర్చుకునేలోపే, మూడేళ్ల కిందట, అతను నడిపే లారీ లోయలో పడింది.

జిర్లియానీ మగ్గు కింద పెట్టింది.

"అంటే మూడేళ్లుగా మా ఆయన నరకంలో ఉన్నాడనుకుంటూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నారా?"

"నేనలా అన్నానా?"

"నోటితో అనక్కర్లేదు."

"పోనీ నువ్వు చెప్పు. తొమ్మిదేళ్లు కాపురం చేశావు. వాడికి విశ్వాసం ఉందా?"

ఉందని చెప్పేద్దామనుకుంది జిర్లియానీ. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"తెలీదమ్మా. ప్రార్థనకి కూర్చోమంటే నవ్వేవాడు. కానీ వీధిలో ఎవరు పోయినా సమాధి తవ్వడానికి పార పట్టుకుని ముందు ఆయనే వెళ్లేవాడు. పాస్టరు గారి తల్లికి తవ్వుతుంటే బండ అడ్డొచ్చింది. వానలో నిలబడి ఒక్కడే పగలగొట్టాడు. బొబ్బలెక్కిన చేతులతో వస్తే అన్నం నేనే కలిపి పెట్టాను."

"విశ్వాసం లేకుండా అలాంటి పనుల వల్ల ఎవరూ దేవుడి ముందు నీతిమంతులు కారే. ఇరవై ఏళ్లు సండే స్కూల్లో నేనే చెప్పాను కదా." ఆ మాట అంటూనే ఆవిడ డబ్బా వైపు చూసింది. "వాడు పగలగొట్టిన బండే చాలకపోతే, నా బియ్యం ఎలా చాలుతుంది? దేవుడితో బేరమాడానే నేను, కూరగాయల బజార్లో ఆడినట్టు."

"ఆడితే ఆడారు. తల్లి కదా." జిర్లియానీ పక్కనే కూలబడింది. "నాకో మాట చెప్పొచ్చుగా."

"చెబితే నీకూ ఆ భయం పట్టుకుంటుందని."

"నాకు లేదనుకున్నారా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఇంతలో వాన్‌జోవి వచ్చి డబ్బా ఎత్తి చూసింది. "ఇంత నిండుగానా? అత్తాకోడళ్లు అన్నం తింటున్నారా, మానేశారా?" సంచిలో వంపుకుని, తన మాటకి తనే నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

జిర్లియానీ అన్నం, ఆకుకూర వడ్డించింది. దార్‌ఖుమీ కళ్లు మూసుకుంది. మూడేళ్లలో ఆ ఇంటి ప్రార్థనలో ఒక్కసారీ రాని పేరు ఆ పూట వచ్చింది.

"ప్రభువా, డెంగ్‌ఖుమా ఎక్కడున్నాడో నాకు తెలీదు. నువ్వు ఎలాంటివాడివో మాత్రం తెలుసు. వాణ్ణి నీకు అప్పజెబుతున్నాను. ఇంక అడగను."

ఆమెన్ అనడం కోడలి వంతు. దార్‌ఖుమీ కళ్లు తెరవలేదు. అన్నం చల్లారుతున్నా, కోడలి చెయ్యి పట్టుకుని, ఆ మాట వచ్చేదాకా అలాగే కూర్చుంది.