మహిమ ఎంచుకున్న పని

నాగజ్యోతి టీచర్‌తో నా మొదటి మాటే గొడవ.

"పసిపిల్లల చేత గిన్నెలు తోమిస్తున్నారేంటండీ?" అన్నాను గుమ్మంలోనే నిలబడి. వెనక వాన దంచుతోంది. నా చేతిలో మా అక్క కూతురు మహిమ చెయ్యి.

"తోమించట్లేదండీ, వాళ్ళే తోముకుంటున్నారు. ముందు లోపలికొచ్చి తల తుడుచుకోండి. గొడవ తర్వాత పెట్టుకుందాం," అందావిడ తువ్వాలు అందిస్తూ.

సత్తెనపల్లిలో నాది స్కూలు ఆటో. ఏ స్కూలు ఎలాంటిదో పిల్లల బ్యాగు ఎత్తి చూసి చెప్పేస్తాను. ఇక్కడ బ్యాగే లేదు. ఒకడు చాప పరుచుకుని చెక్క దిమ్మలు పేరుస్తున్నాడు. ఒక పిల్ల చెంబులో నీళ్లు గ్లాసులోకి పోసి, మళ్ళీ చెంబులోకే పోస్తోంది. ఎవరికి నచ్చిన పని వాళ్ళు ఎంచుకుంటారట. టీచరమ్మ మూల కూర్చుని చూస్తుందట.

"చూడ్డానికి టీచరెందుకండీ? నేనూ చూస్తాను," అన్నాను.

"మీ వల్ల కాదు. కాసేపటికే లేచి ఆ నీళ్లు మీరే పోసేస్తారు."

నవ్వు ఆపుకుంటోందని బుగ్గ మీద సొట్ట చెప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. ఇంకా ఏదో కూడా అయింది కానీ, అదేంటో ఇంటికెళ్ళాకగానీ తెలియలేదు.

"నీ పేరేంటి బంగారం?" అంది మహిమ ముందు కూర్చుని.

"మాట్లాడదండీ. ఇదివరకు మాట్లాడేది. పేటంతా వినబడేది," అన్నాను.

మా అక్క క్రిస్టీనా ఫిబ్రవరిలో మిరప కోతకి వెళ్తూ పోయింది. కూలీల ట్రాక్టర్ కాలవలో బోల్తా కొట్టింది. ఆ పూట మహిమకి జ్వరమని ఇంట్లో వదిలి వెళ్ళింది. బావ అంతకుముందే వేరే సంసారం పెట్టుకున్నాడు. అక్కని ఇంటికి తెచ్చేసరికి పిల్లని పక్కింటి ఖుర్షిదా దగ్గర ఉంచాం. ఆనాటి నుంచి దాని నోట మాట లేదు. గొంతులో లోపమేమీ లేదన్నారు డాక్టర్లు. బలవంతం చెయ్యని స్కూల్లో వేసి చూడమంది ఒక డాక్టరమ్మ.

మా అమ్మ కొండమ్మకి ఇదేం నచ్చలేదు. గుంటూరులో చిన్నపిల్లలక్కూడా హాస్టలున్న స్కూలు ఉంది, అక్కడ వెయ్యమంటుంది. "నాలుగు తగిలిస్తే అదే మాట్లాడుద్దిరా సాల్మన్," అంటుంది. కూతుర్ని మట్టిలో పెట్టిన మనిషితో ఏం వాదిస్తాం? దసరా దాకా ఆగమ్మా అన్నాను. అప్పటికీ మాట రాకపోతే పిల్ల హాస్టలుకే.

రోజూ సాయంత్రం బడి వదలకముందే వెళ్ళి నిలబడేవాణ్ణి.

"మీ గడియారం బాగా ముందుందండీ," అనేది నాగజ్యోతి.

"గడియారం కాదండీ, ఆటో. బ్రేకులు వీకు."

"అయ్యబాబోయ్! అయితే పిల్లల్ని ఎక్కించకండి."

వాళ్ళది నరసరావుపేట వైపు మిరప, పత్తి వేసే రైతు కుటుంబం. మాది అలాంటి పొలాల్లో కూలికెళ్ళి, ఆదివారం చర్చికెళ్ళే ఇల్లు. అది తెలియక కాదు. తెలిసే వెళ్ళేవాణ్ణి.

దసరా సెలవులు దగ్గరకొచ్చాయి. పిల్ల నోరు విప్పలేదు. అమ్మ గుంటూరులో సీటు ఖాయం చేసుకొచ్చింది. ఆ మాట చెప్పడానికి మధ్యాహ్నం బడికి వెళ్ళాను. మనసంతా చేదుగా ఉంది.

వంటింటి వసారాలో మహిమ కనిపించింది. ముందు ఎండు మిరపకాయల కుప్ప. ఒక్కో కాయా తీసి, తొడిమ తుంచి, బుట్టలో వేస్తోంది. అచ్చం మా అక్కలాగే.

కోపంతో నాకు కళ్ళు కనపడలేదు.

"మీ పొలాల్లో దీని తల్లి చేసింది చాల్లేదా?" అని అరిచాను. "మా పిల్లలకి ఈ పనే వస్తుందని కనిపెట్టేశారా?"

నాగజ్యోతి మొహం పాలిపోయింది. "ఎవరూ ఇవ్వలేదండీ. కారం పట్టిద్దామని బడి ఆయమ్మ ఎండబెట్టింది. మొన్నటి నుంచి తనే వచ్చి కూర్చుంటోంది. తీసేస్తే వెక్కి వెక్కి ఏడ్చింది. చేతులకి నూనె రాసి పక్కనే ఉంటున్నాను. ఎందుకు చేస్తోందో నాకూ తెలియట్లేదు."

"తెలియకపోతే ఆపాలి గదా!"

"ఆపేస్తే ఎప్పటికీ తెలియదు!" గట్టిగానే అంది. "నన్ను ఎన్నైనా అనండి, తర్వాత. ముందు దాని పక్కన కూర్చోండి. నోరు మూసుకుని."

కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక నేనూ ఓ కాయ తీసుకున్నాను. ఘాటుకి దగ్గొచ్చింది. మహిమ నా వంక చూసింది, మిగిలిన కుప్ప వంక చూసింది. పెదాలు కదిలాయి.

"తొందరగా తియ్యి మావయ్యా."

గొంతు బొంగురుపోయి ఉంది.

"కాయలైపోతే అమ్మ వచ్చుద్ది," అంది రహస్యంగా.

నాగజ్యోతి నా వైపు చూసింది. "ఎవరు చెప్పారు తనకి?"

మా అమ్మే. ఆ రోజు పిల్ల ఏడుపు ఆపకపోతే, శవం దగ్గర్నుంచి లేచి వెళ్ళి చెప్పింది. మీ అమ్మ కాయల పనికెళ్ళిందే, నోరెత్తకుండా కూర్చుంటే పనైపోగానే వచ్చుద్ది అని. అలాంటప్పుడు మా పేటలో ఎవరైనా అదే చెబుతారు. పిల్ల నోరెత్తకుండా కూర్చుంది.

లేచి పారిపోదామనిపించింది. నాగజ్యోతి నా మోచెయ్యి పట్టుకుంది. "మీరే చెప్పాలి. నేనిక్కడే ఉంటాను."

"అమ్మ రాదు తల్లీ," అన్నాను. "ఎన్ని కాయలు తీసినా రాదు. ట్రాక్టర్ పడిపోయి అమ్మ చచ్చిపోయింది."

మహిమ చేతిలో కాయ అలాగే ఉంది. "నేను మాట్లాడాననా?"

"కాదురా! నువ్వు మాట్లాడినా మాట్లాడకపోయినా రాదు. నీ తప్పేం లేదు."

అప్పుడు ఏడ్చింది. అన్ని నెలల ఏడుపూ ఏడ్చింది. వీధిలో వాళ్ళు ఆగి చూశారు. నాగజ్యోతి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. కారం చేతులతో కళ్ళు తుడుచుకోకుండా దాని రెండు చేతులూ పట్టుకుని, తనూ ఏడ్చింది. సిగ్గేముంది, నేనూ ఏడ్చాను.

"ఇందాక అన్నది తప్పండీ," అన్నాను ఏడుపు తగ్గాక.

"తప్పే. గుంటూరు ఎప్పుడు పంపిస్తున్నారు?"

"పంపను. అమ్మతో నేను చెప్తాను."

"నేనూ వస్తాను."

"మా పేటకా? మీ వాళ్ళకి తెలిస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

"మరి ఏమని వస్తారు?"

మహిమ జుట్టు సర్దుతూ నాగజ్యోతి నా కళ్ళలోకి చూసింది. "ఈ రోజుకి టీచర్‌గా. రేపటి సంగతి మీరు అడగాలి, నేను చెప్పాలి."

ఆటో వెనక సీట్లో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్టార్ట్ చెయ్యబోతుంటే, ఎక్కిళ్ళ మధ్య మహిమ అడిగింది: "అమ్మని ఎక్కడ పెట్టారు?"

నేను వెనక్కి తిరిగి చూశాను.

"చూస్తావా?" అంది నాగజ్యోతి. పిల్ల తలూపింది.

ఆటోని సమాధుల తోట వైపు తిప్పాను.