తలుపు కంటే అంగుళం వెడల్పు

నాకు కావలసింది ఈ యంత్రం పూర్తి కావడమా, పూర్తి కాకుండా ఉండిపోవడమా?

ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు నేను నేల మీద వెల్లకిలా పడుకుని, తల చెక్కపెట్టెలో దూర్చి, నోట్లో స్క్రూలు పెట్టుకుని ఉన్నాను. గంభీరమైన ప్రశ్నకు అంతకంటే గంభీరమైన భంగిమ కుదరలేదు.

పాత కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. బాగుపడని వాటిని ఇంటికి మోసుకురావడం నా వ్యసనం. మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఒక మానిటర్, మీటలు ఊడిన కీబోర్డు, ఇద్దరు యజమానులను విసిగించిన మదర్‌బోర్డు పోగయ్యాయి. వీటితో, వెనకటి రోజుల్లో జనం నిలబడి ఆడుకునే వీడియో గేమ్ యంత్రం చేద్దామనిపించింది. దానికి నిలువెత్తు చెక్కపెట్టె కావాలి. వీధి చివర వడ్రంగి షెడ్డుకు వెళ్ళాను.

వడ్రంగిని నేను మొదటి రోజు నుంచీ బాబాయ్ అనే పిలిచేవాణ్ణి. ఆ వేళకి ఆయన షెడ్డులో లేరు. కనురెప్పల మీద రంపపు పొట్టుతో ఆయన చిన్న కూతురు ఉంది. నడుముకు కొలత టేపు లేకుండా ఎవరూ చూడలేదు కనుక వీధి మొత్తానికి ఆమె పేరు టేపు.

నేను కాగితం మీద గీసుకెళ్ళిన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"బీరువానా, శవపేటికా?"

"వీడియో గేమ్ కేబినెట్. బాబాయ్ లేరా?"

"మీ బాబాయ్ అన్నం తింటున్నాడు. చెక్క కోసేది నేను. నచ్చకపోతే ఆయన చెయ్యి కడుక్కునేదాకా కూర్చో."

కూర్చోలేదు. బేరం అప్పుడే కుదిరింది. వాళ్ళక్క బ్యూటీ పార్లర్‌లో భార్యల కోసం ఎదురుచూసే మొగుళ్ళు ఆవలించి ఆవలించి దవడలు పట్టేసుకుంటున్నారట. చెక్కా, పనీ ఆమెవి. యంత్రం పూర్తయ్యాక అక్కది.

"నాకు చేయడంలోనే ఆసక్తి, ఉంచుకోవడంలో లేదు" అన్నాను.

"అబ్బో, వేదాంతం!" అంది. ఆ రోజు నుంచి నా పేరు అదే అయింది.

చెక్క ముక్కలు మా మేడమీద గదికి ఒక్కొక్కటిగా వచ్చాయి. వాటితో పాటు ఆమె కూడా రోజూ సాయంత్రం వచ్చేది. ముందుపలక తెచ్చిన రోజు గొడవైంది.

"జాయ్‌స్టిక్‌కి రెండు కన్నాలెందుకు? నేను ఒకటే గీశాను."

"ఒక్కడివే ఆడతావా?"

"మనిషి ప్రాథమికంగా ఒంటరి."

"అయ్యో పాపం. మరి రెండోవాళ్ళు వస్తే నీ నెత్తి నొక్కుకుంటూ ఆడాలా?"

ఒక పాత సీడీ అతికించి రెండో కన్నం మూసేశాను. కాసేపటికి ఆమె, చిత్రిక పడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"మా నాన్నని బాబాయ్ అంటావుగా. మరి నేను నీకేమవుతాను?"

"తర్కం ప్రకారం చెల్లెలివి."

చిత్రిక నా వేలికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. "తర్కం నీ మొహంలా ఉంది" అని టేపు చుట్టుకుని మెట్లు దిగిపోయింది. బయట వాన. గొడుగు ఇక్కడే మర్చిపోయింది. దాన్ని పట్టుకుని వెనక పరుగెత్తవచ్చని నాకు తట్టేసరికి వాన వెలిసింది.

మర్నాడు వస్తుందో రాదో అన్న భయంతోనే, నాకు నిజంగా కావలసింది ఏమిటో తెలిసింది. వచ్చింది. కానీ యంత్రం పూర్తయితే రావడానికి కారణం ఉండదు. అందుకే చివరి స్క్రూ దగ్గర నాకు ఆ ప్రశ్న. స్క్రూ బిగించాను. తెర వెలిగింది. ఇద్దరం చప్పట్లు కొట్టలేదు.

ఆదివారం బాబాయ్ ట్రాలీ ఆటో తెచ్చారు. ఆయన మెట్ల మీద నుంచి లాగుతుంటే, మేమిద్దరం గదిలోంచి తోశాం. యంత్రం ద్వారబంధానికి తగిలి ఆగింది. అడ్డం తిప్పాం. మళ్ళీ ఆగింది. సరిగ్గా అంగుళం ఎక్కువ.

"కొలిచింది ఎవరే?" పెట్టెకు అటువైపు నుంచి ఆయన గొంతు.

"నేనే నాన్నా."

"తలుపు?"

"మర్చిపోయా."

"మర్చిపోయావా! ఊహ తెలియకముందు బొమ్మలకి మంచం చేసి, దాన్ని కూడా తలుపు దగ్గర పట్టి చూసుకున్నావు కదే! మన పనిలో ముందు తలుపు, తర్వాతే చెక్క!"

నేను ఆమె వైపు చూశాను. ఆమె టేపు లాగుతోంది, వదులుతోంది. చెవులు ఎర్రబడ్డాయి. కొలత తప్పలేదు. కొలిచే చేసింది.

"సర్లే, ద్వారబంధం ఊడదీస్తే వచ్చేస్తుంది" అన్నారాయన. సంచిలో సుత్తి చప్పుడైంది.

"అసలే అద్దె కొంప! గోడకి గీత పడిందో, మేమంతా మీ ఇంట్లోనే కాపురం!" కింద నుంచి మా అమ్మ కేక.

ఇంక ఆలోచించకూడదని నిర్ణయించుకున్నాను.

"ఆగండి మావయ్యా!"

సుత్తి ఆగింది.

"ఏమన్నావు?"

"ద్వారబంధం ముట్టుకోవద్దన్నాను."

"అది కాదు. దాని ముందు మాట."

"మావయ్యా అన్నాను."

"నిన్నటిదాకా బాబాయ్‌నేగా?"

"నిన్నటిదాకా బుద్ధి లేదు."

పక్కనుంచి ఆమె ఊపిరి వదిలింది. "పాత కంప్యూటర్ నాన్నా. ఆన్ అవడానికి ఇంతసేపు పట్టింది."

అటువైపు నుంచి ఆయన పెట్టెను తట్టారు.

"ఏమే, నీకిష్టమేనా?"

"నేను తలుపు మర్చిపోయే రకమా నాన్నా?"

సుత్తి తిరిగి సంచిలో పడింది. "మరి మీ అక్కకి ఏం చెప్పను?"

"ఇంకోటి చేస్తాం మావయ్యా. ఈసారి ముందు ఆ పార్లర్ తలుపు కొలుస్తాం."

"ముందు ఈ డబ్బాని లోపలికి లాగండర్రా. నేనెంతసేపు మెట్ల మీద నిలబడాలి?"

లాగాం. సొరుగులో రెండో జాయ్‌స్టిక్ ఉంది. ఒకటి చాలునని వాదించిన వారమే కొన్నాను, ఎందుకని నన్ను నేను అడగకుండా. దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో సీడీని పెకలించాను.