ఇద్దరు పిల్లలకే ఇల్లు

తెల్లవారుతూనే రోశమ్మ బావిలో చేద వేసి పైకి లాగింది. సగం నీళ్ళు, సగం బురద. మార్కాపురంలో వైశాఖం వచ్చిందంటే ఏ బావయినా అంతే. ఇంటావిడ సుబ్బరత్నమ్మ వసారాలో కూర్చుని బిందెలు చూస్తూ ఉంది.

"రెండో బిందె ఎవరికి?"

"పిల్లలకు పెద్దమ్మా. మొహాలు కడగాల."

"తడిగుడ్డతో తుడిస్తే చావరులే. సరే, తీసుకపో."

వెనక గది అద్దెకిచ్చిన రోజే ఆవిడ తన షరతు చెప్పింది. ఇద్దరు పిల్లల దాకా సరే. అంతకు మించితే సామాను వీధిలో ఉంటుంది. బావి అంతకన్నా ఎక్కువమందిని సాకలేదు. ఆవిడ చెప్పింది నిజమే. అబద్ధం చెప్పింది రోశమ్మ భర్త మాలకొండయ్య.

అతనికి నలుగురు పిల్లలు. యర్రగొండపాలెం పక్క ఊళ్ళో ఉన్న చేను కరువుకు పోయింది. పలకల గనిలో కూలి దొరుకుతుందని సంసారంతో వచ్చాడు. యుద్ధం రోజులు. పని దొరికింది గాని ఇల్లు దొరకలేదు. నలుగురనగానే తలుపులు మూసుకున్నాయి. సత్రం అరుగు మీద పడుకుని చిన్నదానికి దగ్గు పట్టింది. సుబ్బరత్నమ్మ అడిగినప్పుడు మాలకొండయ్య ఇద్దరే అన్నాడు. పెద్దపిల్ల వెంకాయమ్మనూ, దాని తరవాతి రంగణ్ణీ కొన్నాళ్ళు తోటి కూలీ గుడిసెలో ఉంచాడు. ఆ తరవాత తీసుకొచ్చి, "మా అన్న పిల్లలు, చూసి పోను వచ్చినారు" అన్నాడు.

తనను చిన్నాయన అనీ, తల్లిని చిన్నమ్మ అనీ పిలవమని వాళ్ళకు నేర్పాడు. రంగడు తడబడి చెంపదెబ్బ తిన్నాడు. వెంకాయమ్మకు పదేళ్ళు. దానికి దెబ్బ అవసరం రాలేదు. మొదటిరోజే నేర్చుకుంది.

చూసి పోను వచ్చినవాళ్ళు పోలేదు. ఎప్పుడు పోతారని సుబ్బరత్నమ్మ నిలదీసింది. మాలకొండయ్య నోటికొచ్చింది చెప్పాడు. "ఎక్కడికి పోతారు పెద్దమ్మా? వాళ్ళమ్మా నాయనా కలరాలో పోయినారు."

ఆవిడ మెత్తబడింది. ఆ సాయంత్రం ముంతెడు మజ్జిగ పంపింది. తల్లిలేని పిల్లవని వెంకాయమ్మ తల నిమిరింది. అనాథలను ఎవరూ పొమ్మనరని మాలకొండయ్య తన తెలివికి తనే మురిసిపోయాడు. అనాథలను ఎవరైనా అడిగి తీసుకుపోవచ్చునన్నది అతనికి తట్టలేదు.

ఈ పొద్దు రోశమ్మ మళ్ళీ చేద దించుతుంటే, "రోశమ్మా, పెద్దదానికి తలంటు" అంది సుబ్బరత్నమ్మ. "కనిగిరి నుంచి మా తమ్ముడు బండి పంపించినాడు. వాళ్ళింట్లో బాలింత ఉండాది. బిడ్డనెత్తుకోను ఒక పిల్ల కావాల. అక్కడే తిని పెరుగుతాది. పెండ్లి గూడా వాళ్ళే చేస్తారు. నీ మొగునితో నిన్ననే అన్నా. సరేనన్నాడు."

రోశమ్మ చేతిలోంచి చేంతాడు జారింది. చేద బావిలో పడింది.

"బాగుంది. ఇంక చేద తీసేదానికి పాతాళగరిగె నేను తెప్పియ్యాల" అంది సుబ్బరత్నమ్మ.

గదిలో మాలకొండయ్య సంకటి తింటున్నాడు. రోశమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"సరేనన్నావా?"

"ఏం చెప్పమంటావు? అది నా కూతురేనని చెప్పేదా? మళ్ళీ సత్రం అరుగే. చిన్నదానికి దగ్గు ఇప్పుడిప్పుడే తగ్గతాంది."

"ఒకదాని దగ్గు తగ్గేదానికి ఇంకోదాన్ని ఇచ్చేస్తావా?"

"ఇచ్చేదేంది? అక్కడ అన్నం తింటాది. ఇక్కడ ఏం తింటాంది?"

"రంగణ్ణి అడిగింటే పంపిచ్చేవాడివా?"

"మొగపిల్లోణ్ణి ఎవరడుగుతారే."

"కలరా అని నన్ను చంపినావు. ఇంటికోసమని ఊరుకున్నా. నా కండ్ల ముందరే దాన్ని తల్లిలేనిదంటా ఉంటే పండ్లు బిగబట్టినా. ఇప్పుడు ఉన్నదాన్ని గూడా పంపిస్తావా?"

"వానలు పడితే చేను చేసుకుందాం. తెచ్చుకుంటా."

"ఏ చేను?"

మాలకొండయ్య ముద్ద మింగాడు.

గడపలో వెంకాయమ్మ నిలబడి ఉంది. చేతిలో మూట. "తలంటొద్దులే చిన్నమ్మా. నీళ్ళు అయిపోతాయి" అంది. ఇంటావిడ ముందరి వసారాలో ఉంది. ఇక్కడి మాట ఆవిడకు వినబడదు. అయినా ఆ పిల్ల చిన్నమ్మా అనే అంది.

బండి వాకిట్లోకి వచ్చింది. తోలేవాడు మస్తానయ్య పిల్లను ఎక్కించుకుని కింద గడ్డి సర్దాడు. సుబ్బరత్నమ్మ దాని చేతిలో బెల్లం ముక్క పెట్టింది. మాలకొండయ్య గోడవారన నిలబడి చూస్తున్నాడు. ఎడ్లు కదలబోతుండగా రోశమ్మ వచ్చి బండి చక్రాన్ని పట్టుకుంది.

"పెద్దమ్మా, దాని తల్లి చావలేదు. నేనే."

"ఏంది?"

"నలుగురూ నా కడుపున పుట్టినోళ్ళే."

సుబ్బరత్నమ్మ మాలకొండయ్య వైపు తిరిగింది. అతను ఎడ్ల వైపు చూశాడు.

"ఏమయ్యా, అన్నా వదినా కలరాలో పోయినారంటివే."

"ఆయనకు అన్నే లేడు" అంది రోశమ్మ.

"లేని అన్నకు కలరా తెప్పిచ్చినావా" అన్నాడు మస్తానయ్య. ఎవరూ నవ్వలేదు.

సుబ్బరత్నమ్మ వసారా దిగి వచ్చింది. "లెక్క తప్పు చెప్పినావు. నిలువ నీడకోసమని ఓర్చుకుందును. తల్లి ఇంట్లో ఉండంగానే చచ్చిందని చెప్పి, నా చేత దాని బిడ్డను బండెక్కిచ్చినావే. కన్న ముగ్గురినీ మట్టికిచ్చినదాన్ని నేను. ఆ పాపం గూడా నాకు అంటగట్టాలనుకున్నావా? పొద్దు గూకేలోపల గది ఖాళీ చెయ్యి."

వెంకాయమ్మ బండి దిగలేదు. "ఇల్లు పోయిందా?" అని అడిగింది.

"పోయింది" అంది రోశమ్మ.

"నేను పోతానే ఉన్నా గదా. మళ్ళా ఎందుకు చెప్పినావు?"

మాలకొండయ్య దించబోయి చేతులు చాచాడు. ఆ పిల్ల రెండో వైపు నుంచి దిగింది.

ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి వాళ్ళు వీధుల్లో ఉన్నారు. రోశమ్మ చంకలో చిన్నది, నెత్తిన కుండలు. కుమ్మరి వీధి చివర ఒక ముసలాయన తన పశువుల కొట్టం ఖాళీగానే ఉందన్నాడు. ఎంతమందని అడిగాడు. మాలకొండయ్య నోరు తెరిచేలోగా వెంకాయమ్మ ముందుకు వచ్చింది.

"వీళ్ళకు ఇద్దరే తాతా. నేనూ ఈడూ వాళ్ళన్న పిల్లలం. మా అమ్మా నాయనా కలరాలో పోయినారు."

ఒక్క మాట తొట్రుపడలేదు. కంట తడి లేదు. మాలకొండయ్య ఆ ముఖం చూశాడు. గనిలో అతను బండను నున్నగా, పలచగా చీలుస్తాడని పేరు. ఇదీ అతని చేతిపనే.

"నలుగురు" అన్నాడు. "నలుగురూ నా పిల్లలే. ఇది పెద్దది. ఈ అబద్ధం నేనే నేర్పినా."

ముసలాయన పిల్లలను ఒక్కొక్కరినే చూశాడు. "దిక్కులేని పిల్లలయితే ఏదో సర్దుకుందును. నీ నలుగురూ పట్టరయ్యా" అని తలుపు వేసుకున్నాడు.

మాలకొండయ్య వీధిలో కూలబడ్డాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. రోశమ్మ ఓదార్చలేదు. ఓదార్చవలసిన పనీ లేదు. రంగడు భయపడి తల్లి కొంగు పట్టుకున్నాడు. వెంకాయమ్మ మాత్రం ఎదురుగా నిలబడి చూసింది.

"ఉండే ఇల్లు పాయె. దొరికే ఇల్లు గూడా పాయె" అంది. "నీకు అబద్ధమూ చాతగాదు, నిజమూ చాతగాదు నాయనా."

అని, మూట ఒళ్ళో పెట్టుకుని, అతని పక్కనే దుమ్ములో కూర్చుంది.