ఇరవై రెండా, యాభై ఆరా?

మధ్యాహ్నం రెండో పీరియడ్‌లో క్లాసంతా ఒక్కసారిగా ఘొల్లున నవ్వింది.

టీచర్ బల్ల మీద మొండిఘటం చేసిన కారు ఉంది. ఆ అమ్మాయిని ఇంట్లోనూ బళ్లోనూ అలాగే పిలుస్తారు. అట్టపెట్టె, కత్తెర, స్కేలు, జిగురు, కాస్త రంగు. ఆ కారుకు పెట్టుబడి అంతే. వాళ్లమ్మ నడిపే టాక్సీకి అది నకలు. అసలు కారులో ఇరవై సెంటీమీటర్లు ఉన్నచోట బొమ్మలో ఒక్కటి. పొడవు పద్దెనిమిది, వెడల్పు ఎనిమిది. తలుపు గీతలు కూడా లెక్క తప్పలేదు.

చక్రాలు మాత్రం చొక్కా గుండీల్లా ఉన్నాయి. తోస్తే కారు కడుపు బల్లకు రాసుకుని ఆగిపోయింది.

"ఇది కారు కాదు టీచర్, ఇస్త్రీపెట్టె!" అన్నాడు కిట్ బాబు. షాపులో కొన్న కిట్ ముక్కలు బిగించి తెచ్చాడు కాబట్టి వాడికా పేరు. "మా కిట్‌లో చక్రాలు మిగిలాయి. పోనీ, తీసుకో."

"నాకక్కర్లేదు. ఇందులో కొన్న ముక్క ఒక్కటీ ఉండదు."

"మరి ఈ గుండీలేంటి?"

"కొలిచే చేశాను. టాక్సీ చక్రం అడ్డంగా ఇరవై రెండు. ఇరవైతో భాగిస్తే ఒకటీ పాయింట్ ఒకటి. లెక్కలు రాకపోతే నేర్చుకో!"

క్రాఫ్ట్ టీచర్ నవ్వలేదు. "రేపు మొదటి బెల్లుకి ప్రదర్శన సర్దుతాను. కొలత కుదిరి, నడిచే కార్లకే చోటు. ఇక నీ ఇష్టం."

సాయంత్రం ఇంటి గుమ్మంలోంచే మొండిఘటం బళ్లో జరిగిందంతా అందరికీ వినబడేలా చెప్పింది. అన్న ఎదురొచ్చాడు. "మొన్నే చెప్పాను కదే, చక్రాలు చిన్నవైపోయాయని! ఇంకోసారి కొలువు."

"ఒకసారి కొలిచానుగా! సరే, నీ నోరు మూయించడానికైనా కొలుస్తా."

టాక్సీ వాకిట్లోనే ఉంది. అమ్మ అద్దాలు తుడుస్తోంది. నాన్న టైలర్. ఆయన మెడలోని టేపు లాక్కుని మొండిఘటం చక్రం ముందు చతికిలబడింది.

యాభై ఆరు.

మళ్లీ పెట్టింది. యాభై ఆరే.

"అమ్మా, టైరు ఉబ్బిందా?"

"అలా ఉబ్బేదైతే ఈపాటికి నాది లారీ అయ్యేది," అంది అమ్మ.

టేపు తిరగేసింది. ఆ వైపున ఇరవై రెండు ఉంది.

"అది నా వైపు తల్లీ," అన్నాడు నాన్న. "అంగుళాలు. చొక్కాలకీ ప్యాంట్లకీ."

మొదటిసారి కారంతా ఇదే టేపుతో సెంటీమీటర్లలో కొలిచింది. చక్రం దగ్గర టేపు మెలిక పడితే చూసుకోలేదు. అంతే సంగతి.

"ఇప్పుడు చెప్పు, లెక్కలు ఎవరికి రావు?" అన్నాడు అన్న.

మొండిఘటం మొహం కందిపోయింది. చక్రం రెండు పాయింట్ ఎనిమిది ఉండాలి. అంత చక్రం పట్టాలంటే కారు పక్కలు కూడా కోయాలి. రంగు వేసి, ఆరబెట్టి, మురిసిపోయిన పక్కలు! ఒక్క కోత వంకరపోతే నాలుగు రోజుల పని చెత్తబుట్ట పాలు.

"ఆ అబ్బాయి చక్రాలే అడగరాదూ?" అంది అమ్మ.

"చచ్చినా అడగను."

పెన్సిల్‌తో గీసింది. కత్తెర తీసింది. చెయ్యి ఆగిపోయింది. అంతసేపూ అన్న మొహం చూడనిది, వాడి వైపు తిరిగింది.

"ఇలా రా. నేను గీసింది కొలువు. పైకి చెప్పకు, కాగితం మీద రాయి. నేనూ విడిగా రాస్తా. రెండూ కలిస్తేనే కోత."

"కలవకపోతే?"

"మళ్లీ కొలుస్తా. నువ్వూ కొలుస్తావు."

మొదటిసారి కలవలేదు. రెండోసారి కలిశాయి. కత్తెర కదిలింది.

మర్నాడు కారు ప్రదర్శన బల్ల మీద కాస్త ఎడమకు లాగుతూనే ఆ చివరిదాకా ఉరికింది. టీచర్ ఇచ్చిన కార్డు మీద మొండిఘటం రాసింది: "చేసింది నేను. కొలతలు సరిచూసింది మా అన్న."

"ఓహో, సాయం చేయించుకున్నావన్నమాట!" అన్నాడు కిట్ బాబు.

"చేయించుకున్నా. అయితే ఏంటి?" గడ్డం పైకెత్తింది. "నీ కారు కొలిచిందెవరో నీకు తెలుసా?"

కిట్ బాబు తన కిట్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.