గండయ్య గారి అభిప్రాయం

"గండయ్య గారున్నరా?"

వాకిట్లో సైకిలుకు స్టాండు వేసిన చప్పుడు, వెంటనే ఆ పిలుపు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న ఆండాళు చేతిలో నూలు పుటుక్కున తెగింది.

తలెత్తి చూస్తే గడప అవతల లైబ్రరీ సారు. ఏడాది కిందట కల్వకుర్తి నుంచి ఆత్మకూరుకు బదిలీ మీద వచ్చిన వెంకటనర్సు. ఆండాళు ఎప్పుడూ అతని ఎదుట పడలేదు. కానీ అతని దస్తూరీ ఆమెకు తన చేతి గీతలంత బాగా తెలుసు.

"బాపు లేడు. సంఘానికి పోయిండు."

"ఫికర్ లేదు. గీ కరపత్రం ఇయ్యండ్రి. ఆదివారం మన లైబ్రరీ వార్షికోత్సవం. 'నాకు నచ్చిన పుస్తకం, ఎందుకు నచ్చింది' అని నలుగురు మెంబర్లు మాట్లాడాలె. మొదటి స్పీచి గండయ్య గారిదే."

గులాబీ రంగు కాగితం మీద తండ్రి పేరు, ముందు 'శ్రీ', వెనక 'గారు'. అక్షరాలు ఆండాళు కళ్ల ముందు చీమల్లా పాకాయి.

"బాపుకు పాణం బాగలేదు, రాడు."

"వానికేమైంది?" మూల నుంచి అవ్వ గుర్వమ్మ గొంతెత్తింది. "పొద్దుగాల మూడు రొట్టెలు తిని పోయిండు గదనే!"

వెంకటనర్సు నవ్వాపుకున్నాడు. "అవ్వా, నీ కొడుకు మాట తక్కువ గని రాత చూడాలె. ఒక నవల గురించి ఏం రాసిండో ఎరికేనా? 'పడుగు గట్టిది, పేకనే పలచగ పడ్డది...' ఆ తర్వాత ఏందబ్బా..."

"'వెలుతురుకు పట్టుకుంటే అవతలి మనిషి కనపడుతున్నాడు.'" మాట ఆండాళు నోరు జారింది.

అతను చటుక్కున ఆమె వైపు తిరిగాడు. "మీకెట్ల తెలుసు?"

"బాపు... ఇంట్ల అంటుంటడు."

"ఎవరూ, మా గండయ్యనా? రాసుడా?" అవ్వ బోసినోరు తెరిచింది.

ఆండాళు మోకాలు తగిలినట్టుగా కండెల బుట్టను తన్నింది. కండెలు నాలుగు వైపులా దొర్లాయి. అవ్వ తిట్ల వర్షంలో లైబ్రరీ సారు ప్రశ్న కొట్టుకుపోయింది. అతను వంగి రెండు కండెలు ఏరిచ్చి, ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, సైకిలెక్కాడు.

అతను వెళ్లిన దారినే చూస్తూ ఆండాళు గోడకు చేరగిలబడింది. 

అసలు జరిగింది ఇది. గండయ్యకు కథలంటే ప్రాణం. తల్లి లేని పిల్లను ఏడో తరగతి దాకా బడికి పంపాడు. అప్పటి నుంచీ అతను గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే, పక్కన ఆండాళు నవల చదివి వినిపించడం ఆ ఇంట్లో రివాజు. కార్డు తండ్రి పేరున ఉంది. ఫారం ఇంటికి తెస్తే సంతకం ఆండాళే పెట్టింది. శనివారం చేనేత సంఘానికి పోతూ గండయ్య పాత పుస్తకం ఇస్తాడు, అందులో ఆండాళు పెట్టిన చీటీ చూసి సారు కొత్తది ఇస్తాడు. మాటా పలుకూ ఉండదు.

వెంకటనర్సు వచ్చాక ఒక కొత్త పద్ధతి పెట్టాడు. ప్రతి పుస్తకం చివర ఒక పొడుగాటి కాగితం అతికించాడు. 'నచ్చితే ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాయవలెను. రాయనివారికి వేరొక పుస్తకం ఇవ్వబడదు.' ఆండాళు భయపడుతూనే రాసింది. కింద 'గండయ్య' అని పెట్టింది. మరుసటిసారి ఆ పుస్తకం ఎవరి చేతికీ పోకముందే అతను కింద జవాబు రాసి, 'అయ్యా, ఒకసారి చూడగలరు' అంటూ తిరిగి గండయ్య సంచిలో పెట్టాడు. అలా మొదలైంది. ఏడాదిలో ముప్పై పుస్తకాలు.

గండయ్యకు ఆ కాగితాల సంగతే తెలియదు. అక్షరం రాని సంగతి మాత్రం అతనికి ప్రతి దినమూ తెలుసు. సంఘంలో వేలిముద్ర వేసి వచ్చిన రోజున పెరట్లో కూర్చుని, బొటనవేలిని ఇసుకతో రుద్ది రుద్ది కడిగేవాడు. నల్లమరక పోయేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అలాంటి మనిషిని నలుగురిలో నిలబెట్టి, పుస్తకం గురించి మాట్లాడమంటే?

ఆ రాత్రి ఆండాళు కరపత్రాన్ని కండెల బుట్ట అడుగున దాచింది.

మర్నాడు అవ్వ మోకాలి నొప్పి పుణ్యమా అని దవాఖానకు బయలుదేరారు. లైబ్రరీ దాని ఎదురుగానే. అవ్వను వరుసలో కూర్చోబెట్టి, వానలో కొంగు కప్పుకుని ఆండాళు ఒక్క పరుగున రోడ్డు దాటింది. ఆ మెట్లు ఆమె ఎక్కడం అదే మొదటిసారి. పత్రికలు చదువుతున్న ఇద్దరు ముసలాయనలు కళ్లజోళ్ల మీంచి చూశారు. ఆమె నేరుగా సారు టేబులు దగ్గరికి నడిచింది.

"సారూ, మా బాపు పేరు తీసెయ్యండ్రి."

"స్పీచికి భయమైతాందా ఏంది? రాసింది చదివితే చాలు గద."

"చదవలేడు."

"కండ్లజోడు నేనిస్త."

"కండ్లు మంచిగనే ఉన్నయి. మా బాపుకు అచ్చరం రాదు సారూ!"

వెంకటనర్సు చేతిలోని రబ్బరు ముద్ర టేబులు మీద దొర్లింది. చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి.

"మరి గవన్ని రాసింది..."

"నేనే."

అతను నిలువునా లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. మెల్లగా చెవులు ఎర్రబడ్డాయి. ఏదో గుర్తుకొచ్చినట్టుంది. "'పుట్టి రామమ్మ' వెనకాల... నేను రాసింది..."

ఆండాళు తల వంచుకుంది. కృష్ణా నది మీద గుండ్రటి పుట్టి పడవ నడిపే ఆడమనిషి కథ అది. రామమ్మ నలభై ఏళ్లు ఊళ్లన్నిటినీ దాటిస్తుంది. ఆ కథ కింద ఆండాళు రాసింది: 'నాకు అన్నిటికన్నా నచ్చిన పుస్తకం ఇదే. ఎక్కినవాళ్లంతా తమ ఒడ్డు సంగతే చెబుతారు. నీకు ఏ ఒడ్డున ఉండాలని ఉంది రామమ్మా అని ఒక్కరూ అడగరు. అడగని ఆ చోటే నన్ను ఏడిపించింది.' పోయిన శనివారం ఆ పుస్తకం తిరిగి ఇంటికొచ్చినప్పుడు, దాని కింద అతని జవాబు ఒకే వరుస. 'నేనైతే అడిగేవాణ్ని.'

"గండయ్య గారనుకొని రాసిన," అన్నాడతను.

"అయితే మా బాపును అడిగెటోరా, ఏ ఒడ్డున ఉంటవని?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది. ముసలాయన ఒకరు దగ్గారు. నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ చచ్చిపోయింది.

"పేరు తీసేస్తరు గద?"

అతను కిటికీ బయటికి చూశాడు. "కరపత్రం నిన్ననే సంఘం గోడకు అంటిచ్చిన."

"అయ్యో! బాపు ఇప్పుడక్కడ్నే ఉన్నడు!"

"నేనొచ్చి చెప్పుకుంట. తప్పు నాది, అడగకుండ పేరు వేసిన."

"వద్దు! మీరొస్తే ఇంకింత అయితది. మీకు దండం పెడ్త, రాకుండ్రి."

ఆ సాయంత్రం గండయ్య ఇంటికొచ్చాడు. రుమాలు విప్పాడు. దాని మడతలో సంఘం గోడ మీది గులాబీ రంగు కాగితం అంచు కనిపించింది. ఎవరో చదివి చెప్పే ఉంటారు, అనుకుంది ఆండాళు. అతను కాగితాన్ని మగ్గం పలక కింద దోపి, గుంటలోకి దిగి, పోగును అటూ ఇటూ నడిపే నాడె అందుకున్నాడు.

"ఆ పుట్టి కథ మల్ల సదువు," అన్నాడు.

"అది సదివినం గద బాపూ..."

"మల్ల సదువు."

తిట్టలేదు, కొట్టలేదు, అడగలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. గురువారం, శుక్రవారం, శనివారం చదివింది. రామమ్మను ఎవరూ అడగని ఆ పేజీ వచ్చినప్పుడల్లా మగ్గం చప్పుడు ఆగిపోయేది.  కాసేపటికి ఏమీ జరగనట్టు నాడె మళ్లీ కదిలేది. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం చెప్పాపెట్టకుండా ఎక్కడికో పోయి రెండు గంటలకు వచ్చాడు. ఎక్కడికని అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఆదివారం అతను ఉతికిన ధోవతి కట్టాడు. "మీరిద్దరు గుడ నడువుండ్రి," అన్నాడు.

లైబ్రరీ హాలు నిండిపోయింది. ఆడవాళ్లు వెనక తలుపు దగ్గర. వేదిక పక్కన వెంకటనర్సు ముఖం సున్నం కొట్టినట్టుంది. అతను గండయ్య పేరు పిలవగానే, సంఘంలో పనిచేసే భిక్షపతి బిగ్గరగా అన్నాడు:

"గండన్నా! అచ్చరాలు ఎన్నడు నేర్చినవే? మాకు చెప్పకపోతివి!"

హాలంతా నవ్వింది. ఆండాళు అవ్వ భుజంలో ముఖం దాచుకుంది. 'భూమి ఇప్పుడే చీలితే బాగుండు' అనుకుంది.

గండయ్య నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత కుడిచేయి ఎత్తి బొటనవేలు చూపించాడు.

"నేర్వలేదు. గిదే నా సంతకం. ఇన్నేండ్లు దీన్ని ఇసుకల రుద్దుకున్న, సిగ్గుకు." నవ్వు లేదిప్పుడు. "నేను నేస్త, నా బిడ్డ సదువుతది. నాకు నచ్చిన బుక్కు 'పుట్టి రామమ్మ'. ఎందుకంటరా? మా అమ్మ అసుంటిదే, నా పెండ్లాం అసుంటిదే. అందరిని దాటిచ్చిండ్రు. నీకేం కావాల్నే అని నేను ఒక్కనాడు అడగలె. బిడ్డ ఆ కాడికి సదివితే నా చెయ్యి ఆగుతది. కథ నన్ను తిట్టినట్టుంటది, అయినా మల్ల సదువుమంట. గంతే నాకు తెల్సింది. ఆ కాయితాల మీది రాత నాది గాదు. నా బిడ్డ ఆండాలుది. అండ్ల నా పేరు కొట్టేసి దాని పేరు రాయండ్రి."

అతను దిగి వస్తుంటే మొదట చప్పట్లు కొట్టింది భిక్షపతే.

అంతటితో అయిపోయిందనుకుంది ఆండాళు. కానీ వాళ్లు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోగా వాకిట్లో సైకిలు స్టాండు చప్పుడైంది. వెంకటనర్సు. చేతిలో కొత్త మెంబరు ఫారం, సిరా దిండు.

"కార్డు ఆమె పేరున చేద్దామని..."

"మంచిది. కూసో," అన్నాడు గండయ్య. అతని గొంతు గట్టిపడింది. "శుక్రారం పుట్టి బుక్కు రుమాల్ల సుట్టుకొని నీ కాడికొచ్చి, ఆ కాయితాలన్ని సదివిచ్చుకున్న గద. ఒకటి అడుగుడు మర్సిన."

ఆండాళు చటుక్కున తలెత్తింది. శుక్రవారం బాపు పోయింది లైబ్రరీకా!

"పుట్టి కథ కాయితం మీద చివర్ల ఒక వరుస నువ్వు సదువకుండ మింగినవ్."

"లే... లేదు..."

"అచ్చరం రాకపోవచ్చు గని, దినాం పోగులు లెక్కవెట్టేటోన్ని. నువ్వు సదువుతుంటే వరుస వరుసకు ఏలు పెట్టుకుంట కూసున్న. ఒక పోగు పోతే నాకు తెల్వదా? సదువు ఇప్పుడు."

వెంకటనర్సు నుదుటి చెమట గడ్డం దాకా జారింది. కాగితం చూడనవసరం లేకుండానే, అప్పజెప్పే పిల్లవాడిలా అన్నాడు: "'నేనైతే అడిగేవాణ్ని.'"

 గండయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"మీ నాయిన ఏం జేస్తడు?"

"కల్వకుర్తిల మగ్గం నేస్తడు. మేం గుడ మీవోళ్లమే."

"ఏ నంబరు నూలు?"

"అరవై. సన్న నూలు."

"ఊఁ." గండయ్య మీసం కింద ఏదో కదిలింది. "రాసుడు అందరు రాస్తరు. పిల్లనిస్తనని నేను మాటియ్య, అది ఏమంటదో అదే మాట. అడుగు మరి."

"ఇప్పుడా?"

"రామమ్మ నలభై ఏండ్లు ఎదురుచూసింది. నా బిడ్డను గుడ చూడమంటవా?"

"అడుగు బిడ్డా," అంది అవ్వ. "నాకు మోకాలు నొస్తాంది, ఎంతసేపు నిలవడాలె!"

వెంకటనర్సు ఆమె వైపు తిరిగాడు. ముప్పై పుస్తకాల చివర కాగితాలు నింపిన మనిషికి ఒక్క మాట రావడానికి చాలాసేపు పట్టింది. "ఆండాళు గారూ... మీకు ఏ ఒడ్డున ఉండాలని ఉంది?"

నాలుగు రోజులుగా మోస్తున్న భయం అప్పుడు కరిగింది. నీళ్లై కళ్లలోకి వచ్చింది. ఆమె మగ్గం వైపు చూసింది, తర్వాత అతని చేతిలోని ఫారం వైపు.

"లైబ్రరీ మా ఇంటికి రెండు సందులే గద సారూ. పుస్తకం ఇక్కడ సదువుత, అక్కడికొచ్చి రాస్త. నాకు రెండొడ్లు కావాలె."

ఫారం మీద ఆండాళు తన పేరు రాసింది. మొదటిసారి సొంత పేరు. కింద ఇంకో ఖాళీ గడి ఉంది.

"ఇదేందిది?" అన్నాడు గండయ్య.

"పూచీ. పుస్తకానికి జిమ్మేదారీ ఎవరిదని."

"బిడ్డకు నేను పూచీ. మరి నీకెవరు?" అని, జవాబు కోసం ఆగకుండా గండయ్య సిరా దిండు మీద బొటనవేలు అద్ది, కూతురి పేరు పక్కన గట్టిగా నొక్కాడు. "పోయి మీ నాయినను తీస్కరా. అప్పుడు మాట్లాడుకుందం."

సైకిలు సందు మలుపు తిరిగేదాకా ఆండాళు గడపలో నిలబడింది. సన్నగా తుంపర మొదలైంది. ఆమె అలవాటుగా లోపలికి పోయి, చెంబులో నీళ్లూ గుప్పెడు ఇసుకా తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

గండయ్య ఇసుకను చూశాడు, వేలిని చూశాడు. బట్టకు మరక అంటకుండా వేలికి ఒక పేలిక చుట్టుకుని, మగ్గం గుంటలోకి దిగాడు.

"ఉండనియ్యి," అన్నాడు. "ఏదన్న కొత్తది సదువు."