జీరంగి రెక్క కింద

"పద్మ అటు తిరిగిపోయి ఉంటే కాల్చెయ్."

1986 మే నెల. హనుమాన్ జంక్షన్ లాడ్జి గదిలో చీఫ్ పాండురంగారావు బ్రీఫింగ్ అలా ముగిసింది. సైన్యం కొత్త రాడార్ ప్లాన్‌ని ఎవరో గసగసాల గింజంత ఫొటోగా, మైక్రోడాట్‌గా మార్చి, చచ్చిన జీరంగి పురుగు రెక్క కింద అతికించారు. ఆగిరిపల్లి మామిడి తోటలో దాన్ని విదేశీ ముఠా మనిషి మార్టిన్‌కి అందించే కొరియర్ పద్మ. ఆమెను ఆ ముఠాలోకి పంపింది మనవాళ్లే. ఇప్పుడామె ఎవరి మనిషో చీఫ్‌కే అనుమానం.

ఏజెంట్ జోజిబాబుది పురుగుల ఫొటోలు తీసే రీసెర్చ్ స్కాలర్ వేషం. కెమెరాకి మాక్రో లెన్స్, దాని కింద సన్నటి గొట్టం, అందులో ఒకే బుల్లెట్. షట్టర్ నొక్కితే పేలుతుంది. పద్మ అంటే అతనికి ప్రాణమని ఆమెకి తప్ప డిపార్ట్‌మెంటంతటికీ తెలుసు.

తోటలో కోతలు సాగుతున్నాయి. నల్లకళ్లద్దాలు, జీన్స్, భుజాన కెమెరాతో పద్మ వచ్చింది. పక్కన మార్టిన్. వాళ్లదీ పురుగుల ఫొటోల వేషమే. ఆమె ఇంకా మన మనిషే అయితే "తూనీగలున్నాయాండీ?" అని అడగాలి. అదే కోడ్.

"ఏం తీస్తున్నారండీ?" అంది పద్మ.

"చీమలండీ."

"తీసుకోండి" అని దాటిపోయింది. కోడ్ అడగలేదు.

రెండు గజాల అవతల ఆమె జీరంగిని ఒక ఆకు మీద పెట్టి, ఫొటో తీస్తున్నట్టు వంగి, "రండి మార్టిన్" అంది. అతను చెయ్యి చాచాడు. జోజిబాబు ఊపిరి బిగబట్టి ఆమె మీద ఫోకస్ కుదిర్చాడు. వేలు షట్టర్ మీదికి వెళ్లింది.

పద్మ చెయ్యెత్తి మార్టిన్ తల మీది కొమ్మ పట్టుకుంది. లెన్స్ నిండా ఆమె వేళ్లే. గోళ్ల సందుల్లో బూడిద.

ఆకులతో గూడు కట్టే ఎర్రచీమలు ఎక్కకుండా కాయ కోసే కూలీలు ఒంటికి బూడిద రాసుకుంటారు. అంటే ఆ కొమ్మకి చీమల గూడుందని పద్మకి తెలుసు. మార్టిన్‌కి చెప్పలేదు. జోజిబాబు వేలు తీసేశాడు.

మార్టిన్ జీరంగిని అందుకోగానే పద్మ కొమ్మని ఒక్క ఊపు ఊపింది. ఆకుల గూడు చిట్లి ఎర్రచీమలు అతని కాలర్లోంచి చొక్కాలోకి దూరాయి. జీరంగిని వదిలేసి, కేకలు పెడుతూ నేల మీద దొర్లాడు. పద్మ దాన్ని తీసి జోజిబాబు చేతిలో పెట్టింది.

"కోడ్ వీళ్లకి తెలిసిపోయింది. అడిగుంటే ఇద్దరం పోయేవాళ్లం."

"ఇంకొక్క క్షణమైతే నేనే నిన్ను చంపేసేవాణ్ణి పద్మా."

"తెలుసు. అందుకే చెయ్యి నీకు కనిపించేలా పెట్టాను."

ఆమె కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

తోట బయట కాపు కాసిన పోలీసులు తుపాకులతో పరిగెత్తుకొచ్చి మార్టిన్‌ని చుట్టుముట్టారు. బేడీలు వేయడానికి మాత్రం చీమలు దిగేదాకా ఒక్కరూ ముందుకు రాలేదు.